పది పెట్టలే కావాలంటే: పిల్లల్ని ఏరడం, గుడ్డుకు వచ్చేదాకా సాకడం

మీరు అడిగింది ఇదీ. తిరుపతిలో అవిలాల వైపు సొంత ఇల్లు, వెనక రెండు సెంట్ల ఖాళీ జాగా. ఇంట్లో పిల్లలకి మంచి గుడ్లు పెట్టాలని పది పెట్టలు పెంచుకుందామనుకుంటున్నారు. పోయినసారి సైకిల్ మీద వచ్చినాయన దగ్గర పన్నెండు రంగు పిల్లలు కొన్నారు. వాటిలో తొమ్మిది పిల్లలు వారం లోపే పోయాయి. మిగిలిన మూడూ పుంజులై, తెల్లవారకముందే కూతలు మొదలుపెడితే పక్కింటివాళ్లతో గొడవ. ఈసారి ఒక్కరోజు పిల్లల్లోనే ఆడవాటిని ఎలా గుర్తుపట్టాలి, వాటిని చావకుండా ఎలా సాకాలి అన్నారు.

పాకాల దగ్గర మా ఊళ్లో నేను చాలా ఏళ్లుగా నాటుకోళ్లు, గ్రామప్రియలు పెంచుతున్నాను. ఒక్కరోజు పిల్లల్ని తెచ్చి, ఆరేడు వారాలు సాకి, చుట్టుపక్కల ఇళ్లకి ఇస్తుంటాను. కాబట్టి ముందే చెప్పేస్తాను. నాటు పిల్లల్లో గానీ, గ్రామప్రియ, వనరాజా లాంటి పెరటి రకాల్లో గానీ ఒక్కరోజు వయసులో చూసి ఇది పెట్ట, ఇది పుంజు అని మీరూ చెప్పలేరు, నేనూ చెప్పలేను. పెట్టల్ని ఏరడం ఒక్క పూటలో అయ్యే పని కాదు. తెచ్చిన రోజు ఆరోగ్యం చూసి ఒకసారి, ఆరు నుంచి ఎనిమిది వారాల మధ్య ఆడా మగా చూసి రెండోసారి, గుడ్డుకు వచ్చే ముందు ఒళ్లు చూసి మూడోసారి ఏరాలి. ఈ లెక్కతో మొదలుపెడితే టెన్షన్ సగం తగ్గిపోతుంది.

మన వైపు చాలామంది నమ్మే గుర్తులు కొన్ని ఉన్నాయి. మొన తేలిన కోల గుడ్డు పొదిగేస్తే పుంజు, గుండ్రటి గుడ్డు అయితే పెట్ట అంటారు. పిల్లని కాళ్లు పట్టి తలకిందులుగా ఎత్తితే కొట్టుకునేది పుంజు, ఊరకుండేది పెట్ట అంటారు. ఉంగరానికి దారం కట్టి పిల్ల మీద ఊపి చూసేవాళ్లూ ఉన్నారు. ఇవేవీ నిలబడవు. గుడ్డు ఆకారం పెట్ట కడుపులో గుడ్డు నడిచే దారిని బట్టి వస్తుంది, లోపలి పిల్లతో దానికి సంబంధం లేదు. మనుషుల్లో ఆడా మగా తేలేది తండ్రి వైపు నుంచి, కోళ్లలో తల్లి వైపు నుంచి. గుడ్డు పెట్టకముందే అది తేలిపోయి ఉంటుంది. పొదిగే వేడి పెంచినా తగ్గించినా మారదు. ఏ పొదుగు చూసినా దాదాపు సగం పెట్టలు, సగం పుంజులు. ఒక్క పొదుగులో అటూ ఇటూ కావచ్చు గానీ నాలుగైదు పొదుగులు కలిపితే సగానికి వచ్చేస్తుంది.

మరి మిషన్లలో గుడ్లు పొదిగించే పెద్ద హేచరీలవాళ్లు ఒక్కరోజులో ఎలా వేరు చేస్తున్నారు? మూడు పద్ధతులున్నాయి. ఒకటి, పిల్ల మలద్వారం మెల్లగా తెరిచి లోపలి చిన్న బుడిపె చూసి చెప్పడం. 1920లలో జపాన్ శాస్త్రవేత్తలు దీన్ని పద్ధతిగా చేశారు. బాగా శిక్షణ పొందినవాళ్లు నూటికి తొంభై ఐదు పైగా సరిగ్గా చెబుతారు. చేతకానివాళ్లు నొక్కితే పిల్ల పేగు దెబ్బతిని చస్తుంది, కాబట్టి ఇంట్లో ప్రయత్నించకండి. రెండోది రెక్క ఈకలు చూడటం. పుట్టిన ఒకటి రెండు రోజుల్లో రెక్క విప్పితే కింది వరుస ఈకలు పై వరుస కంటే బాగా పొడుగ్గా ఉంటే పెట్ట, రెండు వరుసలూ ఒకే పొడుగు ఉంటే పుంజు. ఇంటర్నెట్‌లో ఈ వీడియోలు చూసి మా దగ్గరికి వచ్చి రెక్కలు విప్పే వాళ్లు చాలామంది. కానీ ఇది తొందరగా ఈకలు వచ్చే జాతి పుంజుని, నెమ్మదిగా ఈకలు వచ్చే జాతి పెట్టతో కలిపి, కావాలని తయారుచేసిన రకాల్లోనే పనిచేస్తుంది. నాటు పిల్లల్లో ఆ లెక్కే లేదు. మూడోది రంగు. గోధుమ రంగు గుడ్లు పెట్టే కొన్ని లేయర్ (ఫారాల్లో గుడ్ల కోసమే పెంచే) రకాల్లో పెట్ట పిల్ల ఎర్రగా, పుంజు పిల్ల తెల్లగా పుడుతుంది. అదీ ఆ ఒక్క తరానికే. వాటి పిల్లల్లో ఆ గుర్తు నిలవదు.

మీ రంగు పిల్లల సంగతి ఇప్పుడు అర్థమవుతుంది. లేయర్ హేచరీల్లో పుట్టిన పిల్లల్ని అదే రోజు వేరు చేసి, పెట్టల్ని ఫారాలకి పంపేస్తారు. పుంజు పిల్ల గుడ్డు పెట్టదు, బ్రాయిలర్‌లా కండా పట్టదు, ఫారానికి అక్కర్లేదు. అవే తక్కువ ధరకి బయటికి వచ్చి, గులాబీ, ఆకుపచ్చ రంగులు పూసుకుని వీధుల్లోకి వస్తాయి. మీరు కొన్న పన్నెండూ పుంజులే అయి ఉంటాయి, మిగిలిన మూడు పుంజులవడం మీ దురదృష్టమేమీ కాదు. రంగు నీళ్లలో ముంచిన పిల్ల చలికి వణికి సగం ప్రాణం అక్కడే పోగొట్టుకుంటుంది, పైగా ఎండలో తిరిగి తిరిగి వస్తుంది. ఇంట్లో చిన్నపిల్లలు ముచ్చటపడి అడిగినా కొనవద్దండీ. ఆ కొనుగోలు ఆగితేనే ఆ అమ్మకం ఆగుతుంది.

ఇక ఏ పిల్లలు తెచ్చుకోవాలి. గుడ్ల కోసమే అంటున్నారు కాబట్టి నా ఓటు గ్రామప్రియకి. హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన డైరెక్టరేట్ వాళ్లు పెరటి కోసమే తయారుచేసిన రకం. పెరట్లో తిప్పి, కాస్త దాణా పెడితే ఏడాదికి 160 నుంచి 180 గుడ్లు, గోధుమ రంగువి, పెడుతుంది. అదే సంస్థ వనరాజా గుడ్లకీ మాంసానికీ కలిపి పనికొచ్చేది, గుడ్లు ఏడాదికి 100 నుంచి 110. ఒళ్లు బరువు, పిల్లి గానీ కుక్క గానీ వస్తే తొందరగా పరుగెత్తలేదు. మన నాటు పెట్ట ఏడాదికి యాభై అరవై గుడ్లు పెడుతుంది, విడతకి పన్నెండు పదిహేను చొప్పున. మధ్యలో పొదుగుకు కూర్చుంటుంది కాబట్టి లెక్క తగ్గుతుంది. కానీ దానికున్న తెలివి, రోగాన్ని తట్టుకునే గుణం వేరు. శ్రీకాళహస్తి ప్రాంతానికి చెందిన కాళాస్తి కోడి దేశంలో గుర్తింపు పొందిన జాతుల జాబితాలో ఉంది. నల్లటి ఈకల్లో నీలి మెరుపుతో చాలా అందంగా ఉంటుంది. మన జిల్లాల సొంత కోడి, సంకరమైపోతూ తగ్గిపోతోంది. జాగా ఉన్నవాళ్లు రెండు మూడైనా పెంచితే బాగుంటుందని నా కోరిక.

మీకు నేను చెప్పే కూర్పు: ఎనిమిది గ్రామప్రియ పెట్టలు, రెండు నాటు పెట్టలు. గ్రామప్రియకి పొదిగే గుణం దాదాపు పోయింది, అందుకే అన్ని గుడ్లు పెడుతుంది. రేపు మీరు మళ్లీ పిల్లలు కావాలనుకుంటే నాటు పెట్టే పొదగాలి, అదే సాకాలి.

ఒక మాట జాగ్రత్త. మన చిత్తూరు, తిరుపతి చుట్టుపక్కల లేయర్ ఫారాలు ఉన్నాయి. ఏడాదిన్నర దాటి గుడ్లు తగ్గిన కోళ్లని ఫారాల వాళ్లు తీసేస్తారు. అవి సంతల్లో, రోడ్డు పక్కన 'గుడ్డు పెట్టే పెట్ట' పేరుతో అమ్ముడవుతాయి. ముక్కు కొస కోసి ఉంటుంది, తురాయి పాలిపోయి ఓ పక్కకి వాలి ఉంటుంది, మెడ దగ్గర, తోక దగ్గర ఈకలు అరిగిపోయి ఉంటాయి. వాటిని గుడ్ల కోసం కొనకండి.

కొనే వయసు గురించి. మీకు అనుభవం తక్కువ, కావలసింది పదే. ఆరు నుంచి ఎనిమిది వారాలు సాకిన పిల్లల్ని కొనడం మీకు అన్నిటికంటే మేలు. ఖరీదు ఎక్కువే. కానీ బ్రూడింగ్ (బల్బు వేడిలో సాకే) గండం దాటేసి ఉంటాయి, ఆడా మగా తేలి ఉంటుంది, మొదటి టీకాలు పడి ఉంటాయి. ఏ టీకా ఏ తేదీన వేశారో అడిగి రాసుకోండి. తడబడుతూ చెప్పేవాళ్ల దగ్గర తీసుకోవద్దు. ఒక్కరోజు పిల్లల్నే సాకాలని మనసుంటే పది పెట్టల కోసం ఇరవై నాలుగు, ఇరవై ఐదు పిల్లల్ని తెచ్చుకోవాలి. రెండు మూడు పోయినా, మిగతావాటిలో సగం పెట్టలు. పన్నెండు తెచ్చి పది పెట్టలు కావాలంటే ఎవరివల్లా కాదు.

పిల్లని చేతిలోకి తీసుకున్నప్పుడు ముందు బొడ్డు చూడండి. పూర్తిగా మూసుకుని, పొడిగా ఉండాలి. బొడ్డు తడిగా, ఎర్రగా, నల్లటి పొక్కుతో ఉంటే ఆ పిల్ల వారం దాటదు. మలద్వారం దగ్గర రెట్ట అంటుకుని గట్టిపడి ఉంటే వదిలేయండి. కళ్లు మెరుస్తూ, కాళ్లు నిగనిగలాడుతూ, వేళ్లు తిన్నగా ఉండాలి. వెల్లకిలా పెడితే వెంటనే లేచి నిలబడాలి. ఒక్కరోజు పిల్ల సుమారు 35 నుంచి 40 గ్రాములు ఉంటుంది, మరీ చిన్నది వద్దు. పెట్టెలో చెయ్యి పెట్టగానే పక్కకి పరుగెత్తేవి మంచివి. జాలిపడి మూల కునుకుతున్న పిల్లని తెచ్చుకుంటే మిగతావాటికి రోగం తెచ్చుకున్నట్టే. మారెక్స్ (కాళ్లు, రెక్కలు చచ్చుబడే రోగం) టీకా హేచరీలోనే మొదటి రోజు వేయాలి, తర్వాత వేసినా పెద్దగా ఉపయోగం ఉండదు. అది వేశారా అని తప్పకుండా అడగండి.

ఒక్కరోజు పిల్లల్ని సాకే మొదటి మూడు వారాలే అసలు పరీక్ష. పిల్లకి అప్పుడు ఒళ్లు వేడిగా ఉంచుకునే శక్తి ఉండదు. మొదటి వారం దాని చుట్టూ 35 డిగ్రీలు ఉండాలి. ఆపైన వారానికి మూడు డిగ్రీల చొప్పున తగ్గించుకుంటూ పోవాలి. పాతిక పిల్లలకి అట్టపెట్టె గానీ, రేకుతో గుండ్రంగా కట్టిన అడ్డు గానీ చాలు. గుండ్రంగానే ఉండాలి. మూలలుంటే రాత్రి భయపడ్డప్పుడు అన్నీ ఒక మూలకి తోసుకుని కిందవి ఊపిరాడక చస్తాయి. పిల్లకి రెండు వాట్ల లెక్కన పాతికకి అరవై వాట్ల బల్బు సరిపోతుంది, చలికాలం అయితే వంద. ఇక్కడ చాలామంది దెబ్బతినేది ఒక్కటే, ఎల్‌ఈడీ బల్బు పెట్టడం. దానికి వెలుగే గానీ వేడి ఉండదు. లోపల సన్నటి తీగ కాలి వేడెక్కే పాత పీచు బల్బు కావాలి. ఇప్పుడు అన్ని షాపుల్లో దొరకడం లేదు, పాత ఎలక్ట్రికల్ షాపుల్లో అడిగితే దొరుకుతుంది. ఒకటి అదనంగా తెచ్చుకోండి, రాత్రి మాడిపోతే ఇంకెక్కడా దొరకదు.

థర్మామీటరు కంటే పిల్లలే బాగా చెబుతాయి. బల్బు కింద ఒకదాని మీదొకటి ఎక్కి గీపెడుతుంటే చలి. బల్బుకి దూరంగా గోడకి ఆనుకుని నోరు తెరిచి ఎగపోస్తుంటే వేడి ఎక్కువైంది. అంతా పరుచుకుని, కొన్ని తింటూ కొన్ని నిద్రపోతూ ఉంటే సరిగ్గా ఉంది. అన్నీ ఒక పక్కకే తోసుకుంటే రెండో పక్క నుంచి గాలి కొడుతోందన్నమాట. తిరుపతిలో ఏప్రిల్, మే నెలల్లో పగలు బల్బు అక్కర్లేదు సరికదా, మధ్యాహ్నం గది నలభై దాటితే పిల్లలే ఉడికిపోతాయి. అప్పుడు పెట్టెని ఇంట్లో చల్లటి చోటికి మార్చి, రాత్రి తెల్లవారుజామున మాత్రం బల్బు వెయ్యాలి. కరెంటు పోయినప్పుడు వేడినీళ్ల సీసాలకి గుడ్డ చుట్టి మధ్యలో పెడితే రెండు మూడు గంటలు కాస్తాయి.

కింద రెండు అంగుళాల వరి పొట్టు వేసి, మొదటి మూడు రోజులు దాని మీద గోనెపట్టా పరవండి. లేకపోతే పిల్లలు పొట్టునే మేత అనుకుని తింటాయి. నున్నటి పేపరు వద్దు, కాళ్లు జారి తొడలు విడిపోతాయి. మన జిల్లాలో వేరుశనగ పొట్టు తేలిగ్గా దొరుకుతుంది, ఎండాకాలం బాగానే ఉంటుంది. కానీ తడి తగిలితే బూజు పడుతుంది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మనకి ఈశాన్య వానలు. ఆ నెలల్లో అది వాడకండి, వరి పొట్టే మేలు. రోజూ కలియబెట్టి, తడిసిన చోట తీసేసి కొత్తది వెయ్యాలి. తడి పొట్టులోనే రక్తపారుడు రోగం పుట్టుకొస్తుంది. మూడు నుంచి ఆరు వారాల పిల్లలు రెక్కలు వాల్చి, రెట్టలో రక్తం కనిపిస్తే అదే. ఆలస్యం చేస్తే రెండు రోజుల్లో సగం పోతాయి. పశువైద్యుడు ఆంప్రోలియం లాంటి మందు నీళ్లలో కలపమంటారు, మోతాదు ఆయన చెప్పినట్టే. పొట్టు మొత్తం మార్చకుండా మందు పోసినా ప్రయోజనం ఉండదు.

నాటు పెట్ట పొదుగుకు కూర్చుని ఉంటే బ్రూడర్ గొడవే వద్దు. హేచరీ నుంచి తెచ్చిన ఒక్కరోజు పిల్లల్ని రాత్రి చీకట్లో, దాని కింది గుడ్లు తీసేసి ఒక్కొక్కటిగా రెక్కల కింద పెట్టండి. ఉదయం లేచి తనవే అనుకుంటుంది. ఒక పెట్ట పది, పన్నెండు పిల్లల్ని సాకగలదు. రెండు మూడు రోజులు గంప కిందే ఉంచి, తర్వాత వదలండి. తల్లి వెంట తిరిగిన పిల్ల గద్ద నీడ పడగానే దాక్కోవడం నేర్చుకుంటుంది. బ్రూడర్‌లో పెరిగిన పిల్లకి అది ఎవరూ నేర్పలేరు.

మేత దగ్గర అందరూ పొరపడేది ఒకే దాణా అన్నిటికీ అనుకోవడం. తెచ్చిన రోజు మొదట కాచి చల్లార్చిన నీళ్లలో కొంచెం బెల్లం కలిపి తాగించండి, ఒక్కొక్క పిల్ల ముక్కు నీళ్లలో ముంచి చూపించాలి. రెండు మూడు గంటల తర్వాత మేత. ఎనిమిది వారాల దాకా లేయర్ చిక్ స్టార్టర్, 20 శాతం మాంసకృత్తులున్నది. బ్రాయిలర్ స్టార్టర్ పెడితే తొందరగా పెరుగుతాయని కొందరు పెడతారు. పెట్టకి కొవ్వు పట్టి, గుడ్డుకు వచ్చాక గుడ్డు అడ్డం పడటం, పేగు బయటికి రావడం అప్పుడే మొదలవుతాయి. ఎనిమిది నుంచి పద్దెనిమిది వారాలు గ్రోయర్ దాణా, 16 శాతం ఉంటే చాలు. ఇంట్లోని రాగులు, సజ్జలు, నూకలు, తవుడు ఈ వయసు నుంచి కలపవచ్చు, మొత్తం మేతలో మూడో వంతు మించకుండా. మునగాకు, తోటకూర, అజొల్లా (నీళ్లలో పెరిగే చిన్న మొక్క) రోజూ ఒక పూట వెయ్యండి. రెండు సెంట్లలో కోడి తనంతట తాను ఏరుకుని బతకలేదు, వారం రోజుల్లో గడ్డి పరక లేకుండా చేస్తుంది. ఆకుకూర మీరు వేస్తేనే గుడ్డు సొన ఎర్రగా వస్తుంది. ఉప్పు కలిసిన ఎంగిలి అన్నం, ఊరగాయ బద్దలు, బూజు పట్టిన రొట్టె వేయకండి.

లేయర్ దాణా మాత్రం తొలి గుడ్డు కనిపించేదాకా పెట్టవద్దు. అందులో పెంకు కోసం సున్నం (కాల్షియం) మూడు శాతం పైగా ఉంటుంది. ఎదిగే పెట్టకి కావలసింది ఒక్క శాతం. మూడింతలు ఎక్కువైతే మూత్రపిండాలు పాడైపోతాయి. బయటికి ఏమీ కనిపించదు, గుడ్డుకు వచ్చాక ఒక్కొక్కటే చచ్చిపోతుంటే జనం ఏదో తెగులు అనుకుంటారు.

మన ప్రాంతం కాబట్టి వేరుశనగ చెక్క సంగతి విడిగా చెప్పాలి. గానుగల దగ్గర తేలిగ్గా దొరుకుతుంది, మాంసకృత్తులు ఎక్కువ, అందరూ దాణాలో కలుపుతారు. కానీ కాయ తడిసి, చెక్క నిలవ ఉండి బూజు పట్టిందంటే అందులో అఫ్లటాక్సిన్ అనే విషం పుడుతుంది. ఆ విషం ప్రపంచానికి తెలిసిందే కోళ్ల వల్ల. 1960లో ఇంగ్లండులో లక్షకు పైగా టర్కీ కోళ్లు చనిపోతే వెతికి వెతికి బ్రెజిల్ నుంచి వచ్చిన వేరుశనగ చెక్క దగ్గర తేలారు. ఎక్కువ మోతాదైతే కాలేయం పాడై చస్తాయి. తక్కువ మోతాదు ఇంకా మోసం, కోడి బతికే ఉంటుంది కానీ వేసిన టీకా పట్టదు, ఎదుగుదల ఆగిపోతుంది. వండినా, ఎండబెట్టినా ఈ విషం పోదు. అందుకే పిల్లలకి ఎనిమిది వారాల దాకా చెక్క అసలు వద్దు. తర్వాత కలిపినా, ఆ వారం ఆడించిన తాజా చెక్క కొంచెమే. ముక్కిన వాసన వచ్చినా, పచ్చటి మచ్చ కనిపించినా పెంటకుప్పలో వేయండి. పశువులకీ పెట్టకండి, పాలల్లోకి వస్తుంది.

టీకాలకి వద్దాం. ఇంట్లో పదికోళ్లే కదా, ఎందుకులే అని వదిలేసేవాళ్లు ఎక్కువ. కొక్కెర తెగులు వస్తే పదీ పోతాయి. ఉత్తరాఖండ్‌లోని రాణిఖేత్‌లో 1920ల చివర మన దేశంలో మొదట గుర్తించారు, అందుకే రాణిఖేత్ అని కూడా అంటారు. ఆకుపచ్చ రెట్ట, మెడ మెలితిప్పడం, గుర్రుమనే ఊపిరి కనిపించాక మందు లేదు. అయిదు నుంచి ఏడు రోజుల మధ్య ఈ తెగులుకి లసోటా గానీ ఎఫ్-స్ట్రెయిన్ గానీ టీకా కంట్లో ఒక చుక్క. రెండు వారాలకి గంబోరో అనే మరో రోగానికి టీకా. నాలుగో వారం మళ్లీ లసోటా. ఆరు ఏడు వారాలకి మశూచి టీకా రెక్క పొరలో. ఎనిమిది నుంచి పది వారాల మధ్య కొక్కెర తెగులుకే ఇంకో టీకా, ఆర్2బి, సూదితో చర్మం కింద. దానికి వారం ముందు నట్టల మందు తాగిస్తే టీకా బాగా పడుతుంది. గుడ్డుకు వచ్చే ముందు మళ్లీ ఒకసారి నట్టల మందు.

చిక్కేమిటంటే సీసాలో మామూలుగా వందో అంతకంటే ఎక్కువో మోతాదులుంటాయి, ఒకసారి కలిపితే గంట రెండు గంటల్లో అయిపోవాలి. మీ వీధిలో, పక్క వీధిలో కోళ్లున్న ఇళ్లన్నీ కలిసి ఒకే రోజు వేయించుకోండి, ఖర్చూ తగ్గుతుంది, రోగం పక్కింటి నుంచి రావడమూ ఆగుతుంది. సీసా ఐసు ముక్కల మధ్యే తేవాలి. ఎండలో జేబులో వేసుకుని తెచ్చిన టీకా నీళ్లతో సమానం. తెల్లవారుజామునో, సాయంత్రమో వేయించండి. మీరుండేది తిరుపతి. శ్రీ వేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయం మీ ఊళ్లోనే ఉంది, 1955లో మొదలైన పశువైద్య కళాశాల అందులో భాగం. ఒకటికి రెండు పిల్లలు కారణం తెలియకుండా చస్తే, తాజాగా చచ్చిన దాన్ని కవర్లో వేసి ఐసులో పెట్టి పశువైద్యుల దగ్గరికి తీసుకెళ్లండి. కోసి చూస్తేనే తేలే రోగాలు చాలా ఉన్నాయి. మెడికల్ షాపులో ఏదో యాంటిబయాటిక్ కొని నీళ్లలో కలపడం కంటే అది వెయ్యి రెట్లు మేలు.

ఇప్పుడు రెండోసారి ఏరడం. మూడు నాలుగు వారాలకే కొన్ని ఆనవాళ్లు మొదలవుతాయి. పెట్ట పిల్లలకి తోక, భుజాల మీద ఈకలు ముందు నిండుతాయి. పుంజు పిల్లలు అప్పటికి తోక మొండిగా, వీపు బోసిగా ఉంటాయి. గ్రామప్రియలో అయిదారు వారాలకి తురాయి చూస్తే చాలు. పుంజుకి ఎర్రబడి పైకి లేస్తుంది, గొంతు కింద తమ్మెలు మొలుస్తాయి. పెట్టది పసుపుగా, చిన్నగానే ఉంటుంది. పుంజు కాలు లావు, నడక నిటారు. రెండు పిల్లలు ఎదురెదురుగా మెడ ఈకలు నిక్కబొడుచుకుంటే అవి పుంజులే అని తీర్మానించకండి, పెట్ట పిల్లలు కూడా అలా పోట్లాడుకుంటాయి. పందెం జాతి కలిసిన నాటు పిల్లల్లో తురాయి మొదటి నుంచీ చిన్నదే, దాన్ని నమ్మితే మోసపోతారు. వాటికి పది పన్నెండు వారాలు ఆగి వీపు చివర, తోక మొదట్లో ఈకలు చూడాలి. కొస సూదిలా సాగి మెరుస్తుంటే పుంజు, కొస గుండ్రంగా ఉంటే పెట్ట. ఈ గుర్తు మన నాటు కోళ్లలో దాదాపు తప్పదు.

పుంజులని తేలినవాటిని పది వారాలకల్లా వేరు చేయండి. కలిపి ఉంచితే మేత దగ్గర పెట్టల్ని తోసేస్తాయి, తర్వాత తరిమి తరిమి వేధిస్తాయి. సరిగ్గా గుడ్డుకు ఒళ్లు కట్టే వయసులో పెట్ట బక్కచిక్కితే ఏడాదంతా ఆ ప్రభావం ఉంటుంది. మన దగ్గర రాగి సంకటి, నాటుకోడి పులుసు ఉన్నంతకాలం పుంజులకి గిరాకీకి కొదవ లేదు. నాలుగు నెలలు పెంచి అమ్మితే పిల్లల ఖర్చులో మంచి భాగం తిరిగి వస్తుంది. గుడ్లకి పుంజు అవసరమే లేదు. పుంజు లేకపోయినా పెట్ట అదే లెక్కన పెడుతుంది, ఆ గుడ్డు పిల్ల కాదంతే. పొదిగించాలనుకుంటేనే ఎనిమిది, పది పెట్టలకి ఒక పుంజు.

గూడు గురించి ఎక్కువ చెప్పను. పది కోళ్లకి రాత్రి పడుకోవడానికి ఇరవై చదరపు అడుగులు, నేల నుంచి రెండడుగులు ఎత్తు, చుట్టూ అర అంగుళం జాలీ. కోళ్ల వల అని అమ్మే పెద్ద కళ్ల జాలీలోంచి పాము, ఎలుక దూరతాయి, ముంగిస చేతులు పెట్టి లాగుతుంది. గూటి కాళ్ల కింద నీళ్ల పళ్లేలు పెడితే చీమలు ఎక్కవు. మేత రాత్రి గూట్లో ఉంచకండి.

పద్దెనిమిది, ఇరవై వారాలకి మూడోసారి చూడండి. పెట్టని చంకలో పెట్టుకుని, మలద్వారం కింద రెండు పక్కలా తగిలే సన్నటి ఎముకల మధ్య వేళ్లు పెట్టాలి. రెండు వేళ్లు పడుతూ, మెత్తగా ఉంటే గుడ్డుకు దగ్గర పడింది. తురాయి ఎర్రబడుతుంది, మీరు దగ్గరికి వెళ్తే ఒళ్లు అణచి కూర్చుంటుంది. గ్రామప్రియ సుమారు అయిదున్నర నెలలకి, వనరాజా ఆరు నెలలకి, నాటు పెట్ట ఆరేడు నెలలకి గుడ్డుకు వస్తాయి. ఆ వయసు దాటి నెలైనా ఎముకల మధ్య ఒక్క వేలే పట్టి, పొట్ట గట్టిగా కొవ్వు తగిలే పెట్టని పెట్టుకోవద్దు, అది తిండి దండగ. నాలుగైదు పెట్టలకి ఒక గంప చొప్పున గడ్డి వేసి మసక వెలుతురున్న మూల పెట్టండి, తొలి గుడ్డు కనిపించాక లేయర్ దాణాకి మారండి. గవ్వల పొడి విడిగా ఒక గిన్నెలో ఉంచితే ఎవరికి కావలసింది అవి తింటాయి. మొదటి గుడ్లు పావురం గుడ్డంత ఉంటే కంగారు పడకండి, నెలలో సైజు వస్తుంది.

ఎప్పుడు తెచ్చుకోవాలంటే, ఒక్కరోజు పిల్లలైతే జులై చివర, ఆగస్టు మొదట్లో. ఎండ తీవ్రత తగ్గి ఉంటుంది, నవంబరు వానలు గట్టిగా పడేసరికి ఈకలు నిండి, టీకాలన్నీ అయిపోతాయి, జనవరి ఫిబ్రవరికి గుడ్లు. సాకిన పిల్లలైతే సెప్టెంబరులో తెచ్చుకోండి.

తెచ్చే ముందు మీ దగ్గరున్న మూడు పుంజుల సంగతి తేల్చుకోవాలి. అవి బాగానే కనిపిస్తున్నా ఆ తొమ్మిదింటిని చంపిన రోగం వాటిలో ఉండొచ్చు. ముందు వాటిని ఇంటి కోసమో, అమ్మకానికో తీసేయండి. గూట్లోని పాత పొట్టంతా తీసి దూరంగా తగలబెట్టి, గూడు కడిగి ఎండబెట్టి, లోపలా బయటా సున్నం కొట్టండి. నేల మీద పైపైన రెండంగుళాల మట్టి గీకి ఎత్తేసి పొడి సున్నం చల్లండి. ఆ తర్వాత కనీసం మూడు వారాలు ఒక్క కోడి కూడా అందులో ఉండకూడదు. నాటు పెట్టలు రెండూ సంత నుంచి తెస్తే వాటిని కూడా రెండు వారాలు వేరే చోట కట్టి ఉంచి, నట్టల మందు తాగించి, పేలు లేవని చూసుకున్నాకే గ్రామప్రియలతో కలపండి. ముందుగా చిన్న పిల్లలకి మేత వేసి, తర్వాతే వేరుగా కట్టిన ఆ నాటు పెట్టల దగ్గరికి వెళ్లండి. తిరిగి వచ్చేటప్పుడు చెప్పులు, చేతులు కడుక్కోండి.